99 ఇళ్ల నంబెరుమాళ్ శెట్టి: సాంచాలు ఆగిన జాగాను ఏం చేయాలి?

తాటికొండ నంబెరుమాళ్ శెట్టి పేరు మన సోలాపూర్ పూర్వ భాగ్‌లో చాలామంది విని ఉండరు. మద్రాసు పాతవాళ్లకు మాత్రం బాగా తెలుసు. 1856లో పుట్టి 1925లో కాలం చేసిన ఈ తెలుగాయన ఆ నగరంలోని పెద్ద పెద్ద కట్టడాలు కట్టిన కాంట్రాక్టరు. ఎగ్మూరు, చేట్‌పేట్ ప్రాంతాల్లో వరుసగా బంగళాలకు యజమాని. మన తెలుగువాళ్లలో జాగా, కట్టడం, కిరాయి అనే మూడింటినీ కలిపి నడిపి పేరు నిలుపుకున్న పాతతరం పెద్దల్లో ఆయన ఒకరు.

ఆయన పోయి నూరేళ్లయింది. ఇప్పుడు ఆయన కథ ఎందుకు అని అడగవచ్చు. ఈ మధ్య సాఖర్ పేఠ్ నుంచి అక్కలకోట్ రోడ్ దాకా మన ఇళ్లలో ఎక్కడ నలుగురు కూర్చున్నా మాట అటే పోతోంది. ఆగిన సాంచాల షెడ్డును ఏం చేయాలి? సాంచాలు ఇనుము ధరకు తీసేసి, ఆ జాగాలో గాళాలు కట్టి కిరాయికి ఇద్దామా? బిల్డరుకు అప్పజెప్పి సగం తీసుకుందామా? ఒకేసారి అమ్మి అన్నదమ్ములు పంచుకుందామా? తాత మగ్గం మీద, తండ్రి సాంచాల మీద సంపాదించిన జాగా అది. ఒక్కసారి తప్పు సంతకం పడితే మళ్లీ రాదు. ఈ ప్రశ్నలకు మాకు తోచిన జవాబులు పాఠంలా చెప్పేకంటే, ఇదే దారిలో నడిచి గెలిచిన ఒక పెద్దమనిషి జీవితంతో చెప్పడం మేలనిపించింది.

ఇంటిపేరు తెలుగు, పేరు శ్రీరంగం

తాటికొండ అనేది తెలుగు ఇంటిపేరు. నంబెరుమాళ్ అనేది శ్రీరంగంలో ఊరేగే ఉత్సవమూర్తి పేరు. అంటే ఇంటిపేరు తెలుగు గడ్డది, పెట్టుకున్న పేరు తమిళ దేశానిది. ఈ కలయిక మనకు కొత్తేమీ కాదు. మన ఇళ్లలోనూ ఇంటిపేరు కరీంనగరో, వరంగల్లో, నల్లగొండో గుర్తుచేస్తుంది; పిల్లల పేర్లు మరాఠీ బడి రిజిస్టర్‌లో ఇట్టే కలిసిపోతాయి. ఇంట్లో ఒక భాష, బజారులో ఇంకొకటి. నంబెరుమాళ్ శెట్టిది కూడా అలాంటి కుటుంబమే.

సొంత నేల వదిలి వచ్చిన తెలుగువాళ్లు చేత్తో చేసే పనితోనే పట్నాల్లో నిలబడ్డారు. బొంబాయిలో తెలంగాణ నుంచి వెళ్లిన కామాఠీలు కట్టడం పనులు చేశారు. వాళ్ల పేరే కామాఠీపురాకు వచ్చింది. మనవాళ్లు సోలాపూర్‌లో మగ్గం పట్టుకున్నారు. 1877లో జూనీ మిల్లు మొదలైనాక మిల్లు గేటు కూడా పట్టుకున్నారు. నంబెరుమాళ్ శెట్టి మద్రాసులో పట్టుకున్నది ఇటుక, సున్నం, కలప.

ముందు పని, తర్వాత జాగా

ఆయన జీవితంలో గమనించాల్సిన మొదటి సంగతి వరుస. ముందు జాగాలు కొని, తర్వాత వాటితో ఏం చేయాలని ఆలోచించిన మనిషి కాదు. ముందు కట్టడం పని నేర్చాడు, అందులో పేరు తెచ్చుకున్నాడు, ఆ తర్వాతే పెద్ద ఆస్తిపరుడయ్యాడు.

సర్కారు కాంట్రాక్టు అంటే ఆ రోజుల్లోనూ ఈ రోజుల్లోనూ ఒకటే పరీక్ష. టెండరు వేయాలి, డిపాజిట్ కట్టాలి, కూలీలకు వారం వారం ఇవ్వాలి, సరుకు ముందే తెప్పించాలి. బిల్లు మాత్రం కొలతలు అయ్యాక మెల్లగా వస్తుంది. ఈ మధ్య కాలాన్ని సొంత డబ్బుతో, ఓపికతో దాటినవాడే కాంట్రాక్టరుగా మిగులుతాడు. నూలు అప్పు తెచ్చి, చద్దర్లు పంపి, పార్టీ దగ్గర డబ్బు కోసం మూడు నెలలు ఎదురుచూసే మన కార్ఖానాదార్లకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

1880ల చివర్లో ఆయన చేతికి వచ్చిన పెద్ద పని విక్టోరియా పబ్లిక్ హాల్. మద్రాసు సెంట్రల్ స్టేషన్ పక్కనే ఉండే ఎర్రటి టౌన్ హాల్ అది. దానికి శంకుస్థాపన చేసింది మన విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతి రాజు. నమూనా గీసింది రాబర్ట్ చిషోమ్. కట్టింది నంబెరుమాళ్ శెట్టి. తర్వాతి కాలంలో వివేకానందుడు, గాంధీజీ ఆ హాల్లో మాట్లాడారు.

ఆ తర్వాత హెన్రీ ఇర్విన్ అనే సర్కారు ఆర్కిటెక్ట్‌తో ఆయన జోడీ కుదిరింది. 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం ఆ జోడీ పనే. టేకు చెక్కపని, రంగుటద్దాల కప్పు ఉన్న ఆ పాత హాలును చూడటానికి ఇప్పటికీ జనం వెళ్తారు. 1897లో సముద్రానికి ఎదురుగా బ్యాంక్ ఆఫ్ మద్రాస్ భవనం లేచింది. 1892లో తెరిచిన హైకోర్టు, దాని పక్కనున్న లా కాలేజీ పనుల్లోనూ ఆయన పేరు చెబుతారు. 1906లో శంకుస్థాపన జరిగి 1909లో తెరిచిన విక్టోరియా మెమోరియల్ హాల్, అంటే ఇప్పటి నేషనల్ ఆర్ట్ గ్యాలరీ కూడా ఆయన కట్టిందే. దాని గులాబీ రంగు ఇసుకరాయి మన తెలుగు ప్రాంతమైన సత్యవేడు నుంచి వచ్చింది.

ఇందులో మనకు పనికొచ్చే మాట చిన్నది. తెలిసిన పనిలోంచి పుట్టిన ఆస్తి నిలుస్తుంది. సాంచాల షెడ్డు నడిపిన మనిషికి కరెంటు లోడు తెలుసు, మూడు ఫేజుల లైను విలువ తెలుసు, టెంపో లోపలికి రావడానికి ఎంత వెడల్పు దారి కావాలో తెలుసు, టవల్ ప్యాకింగుకు ఎంత పొడి జాగా కావాలో తెలుసు. ఆ తెలివితో షెడ్డును గోదాముగానో, ప్యాకింగ్ యూనిట్‌గానో, గార్మెంట్ కుట్టే హాలుగానో మార్చి కిరాయికి ఇచ్చేవాడు సగం గెలిచినట్టే. ఆ తెలివి వదిలేసి, పక్కవాడు కట్టాడని మనమూ రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ మొదలుపెడితే, మనం కొత్త ధంధాలో మొదటిరోజు కుర్రాళ్లం.

కట్టిన పనే ప్రచారం

జాగా అమ్మాలన్నా, గాళాలకు కిరాయిదార్లు రావాలన్నా ప్రచారం కావాలి. ఈ రోజుల్లో ఫ్లెక్సీలు, వాట్సాప్ గ్రూపులు, వీడియోలు ఉన్నాయి. శెట్టిగారి కాలంలో అవేమీ లేవు. అయినా ఆయనకు మంచి ప్రచారమే ఉంది. రైలు దిగి సెంట్రల్ స్టేషన్ బయటికి వచ్చినవాడికి ఎదురయ్యే టౌన్ హాల్ ఆయనది. డబ్బు దాచుకోవడానికి బ్యాంకుకు వెళ్లినవాడు ఎక్కే మెట్లు ఆయనవి. చదువుకునేవాడు కూర్చునే గ్రంథాలయం ఆయనది. పట్నంలో పనున్న ప్రతి మనిషీ ఆయన కట్టిన గోడలను రోజూ చూస్తున్నాడు. అలాంటప్పుడు ఆయన సొంత బంగళా కిరాయికి ఉందంటే, గోడ గట్టిదా, కప్పు కారుతుందా అని ఎవరు అడుగుతారు?

మన దగ్గర చాలామంది తలకిందులుగా చేస్తారు. గాళాలు సగంలో ఉండగానే బోర్డు పెద్దది కడతారు. మెట్ల కింద చీకటి, మురికినీటి వాసన, తాళం పడని షట్టర్ అలాగే ఉంటాయి. చూడటానికి వచ్చిన మంచి కిరాయిదారు రెండోసారి రాడు. దలాల్ తెచ్చేది ఎవరూ తీసుకోని మనిషినే. కాబట్టి మొదటి గాళా ఒక్కటే అయినా పూర్తిగా చేయండి. సున్నం, లైటు, నీళ్లు, మరుగుదొడ్డి, బండి నిలిపే చోటు, అన్నీ అమర్చాక ఫోటో తీయండి. అందులో మంచి పేరున్న ఒక కిరాయిదారును, అవసరమైతే కాస్త తక్కువ కిరాయికే అయినా, ముందు కూర్చోబెట్టండి. బ్యాంకు శాఖో, మందుల షాపో, పేరున్న టవల్ షోరూమో వస్తే పక్క గాళాలకు ప్రచారం దానంతట అదే అవుతుంది.

99 ఏళ్ల లీజు చెప్పే సంగతి

విక్టోరియా పబ్లిక్ హాల్ కథలో ఇంకో ముడి ఉంది. భవనం నిలిచిన నేల మున్సిపాలిటీది. హాలు నడిపే ట్రస్టుకు దాన్ని నామమాత్రపు కిరాయికి 99 ఏళ్ల లీజుకు ఇచ్చారు. ఆ రోజు సంతకాలు చేసినవాళ్లకు 99 ఏళ్లంటే ఎప్పటికీ అన్నట్టే తోచి ఉంటుంది. కాలం ఆగదు కదా. 1980లలో గడువు తీరింది. తర్వాత కార్పొరేషన్‌కూ ట్రస్టుకూ వివాదం నడిచింది, కోర్టుల దాకా పోయింది. గోడలు నంబెరుమాళ్ శెట్టి గట్టిగానే కట్టాడు. గొడవ వచ్చింది గోడల దగ్గర కాదు, కాగితం దగ్గర.

మన అక్కలకోట్ రోడ్ ఎం.ఐ.డి.సి. ప్లాట్లు గుర్తుకు తెచ్చుకోండి. ఎం.ఐ.డి.సి. సాధారణంగా ప్లాటు ఇచ్చేది 95 ఏళ్ల లీజుకు. మన ఇళ్లలో దాన్ని మా ప్లాటు అనే అంటాం, సొంతం అనే అనుకుంటాం. లీజు హక్కును ఇంకొకరికి మార్చాలన్నా, మరో పనికి వాడాలన్నా, భాగం కిరాయికి ఇవ్వాలన్నా ఎం.ఐ.డి.సి. అనుమతి కావాలి, దానికి రుసుము ఉంటుంది. ఈ సంగతి తెలియకుండా కొన్నవాడికి లీజులో ఎన్నేళ్లు మిగిలాయన్నది బ్యాంకులో అప్పు అడిగిన రోజునే తెలుస్తుంది.

పేఠ్‌లలోని పాత జాగాలది ఇంకో తీరు. సిటీ సర్వే ప్రాపర్టీ కార్డు మీద ఇప్పటికీ తాతగారి పేరే ఉంటుంది. ముగ్గురు కొడుకుల పేర్లు ఎక్కవు, ఇద్దరు ఆడపిల్లల పేర్లు అసలు గుర్తుకే రావు. 2005 సవరణ తర్వాత పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన హక్కు ఉంది. కొనేవాడి వకీలు, బ్యాంకు వకీలు మొదట అడిగేది అక్కచెల్లెళ్ల సంతకాలే. ఊరు బయటి భూమి అయితే సాత్-బారా ఉతారా కావాలి. షెడ్డును దుకాణాలుగా మార్చాలంటే మహానగరపాలిక మంజూరు చేసిన నక్షా కావాలి. ఇవేవీ కట్టడం మొదలయ్యాక వెతికే కాగితాలు కావు.

ఒకే పేట, తెలిసిన పేట

కాంట్రాక్టుల్లో వచ్చిన డబ్బును శెట్టిగారు ఊరంతా చల్లలేదు. పూనమల్లి హై రోడ్డు పొడుగునా, ఎగ్మూరు, చేట్‌పేట్ వైపున జాగాలు కొన్నారు. చేట్‌పేట్ అనే పేరే శెట్టిపేట నుంచి వచ్చిందని కొందరంటారు. పేరు సంగతి ఎలా ఉన్నా, ఆ పేటలో ఆయన ఎంత పెద్ద ఆస్తిపరుడో ఆ మాటే చెబుతుంది.

ఆ పేటనే ఎందుకు ఎంచుకున్నారో పటం చూస్తే అర్థమవుతుంది. ఒకవైపు పెద్ద రోడ్డు, ఇంకోవైపు రైలు దారి, మధ్యలో కూవం నది, తోటలున్న ఖాళీ జాగాలు. జార్జిటౌన్ ఇరుకు నుంచి బయటపడి విశాలంగా ఉండాలనుకునే అధికారులు, వకీళ్లు, వ్యాపారులు వచ్చే దిక్కు అది. ఊరు ఎటు పెరుగుతోందో ఊరికి కట్టడాలు కట్టే మనిషికి అందరికంటే ముందు తెలుస్తుంది. అన్నీ ఒకే పేటలో ఉంటే కిరాయి వసూలుకు, మరమ్మతుకు, కాపలాకు ఒకే మనుషులు సరిపోతారు. ఒక ఇల్లు ఖాళీ అయితే పక్క ఇంటి కిరాయిదారు చుట్టాన్నే పంపుతాడు.

ఆయన బంగళాల్లో రెండింటి పేర్లు క్రైనంట్, గోమెట్రా. మొదటిది వేల్స్‌లో ఒక పల్లె పేరు, రెండోది స్కాట్లండ్ దగ్గర ఒక దీవి పేరు. ఎలాంటి వాళ్ల మధ్య ఆ బంగళాలు నిలిచాయో ఆ పేర్లే చెబుతున్నాయి.

సోలాపూర్‌లో మనవాళ్లు ఈ మధ్య పుణేలో, హైదరాబాద్‌లో చూడకుండానే ఫ్లాట్లు, షాపులు బుక్ చేస్తున్నారు. వద్దని మేము అనడం లేదు. కానీ పూర్వ భాగ్‌లో ఏ గల్లీలో వానాకాలం నీళ్లు నిలుస్తాయో, ఏ చౌక్‌లో పెళ్లిళ్ల కాలంలో గిరాకీ ఉంటుందో, ఏ రోడ్డు వెడల్పు చేస్తారో మనకు తెలిసినంత బయటివాడికి తెలియదు. ఆ తెలివి ఖరీదైనది. తెలియని ఊళ్లో కొనేటప్పుడు అది మన చేతిలో ఉండదు, అమ్మేవాడి చేతిలో ఉంటుంది. కొత్త కాంప్లెక్స్‌లో షాపు కొంటే మహారెరా నంబరు చూడండి. ఆ నంబరుతో ప్రాజెక్టు వివరాలు, కోర్టు కేసులు, పూర్తిచేసే గడువు ఎవరైనా చూసుకోవచ్చు.

బ్యాంకు కూలిన ఏడాది

1906 అక్టోబరులో మద్రాసును ఒక దెబ్బ కుదిపేసింది. ఆర్బత్‌నాట్ అనే పెద్ద ఇంగ్లీషు కంపెనీ బ్యాంకు తలుపులు మూసింది. పెన్షన్ దాచుకున్నవాళ్లు, వితంతువులు, చిన్న వ్యాపారులు, జమీందార్లు, అందరి డబ్బూ అందులో చిక్కుకుంది. పేరు పెద్దది, వడ్డీ బాగుంది, అంతకుమించి ఎవరూ అడగలేదు. ఆ దెబ్బ తర్వాతే స్వదేశీ బ్యాంకులు కావాలన్న ఆలోచన బలపడి 1907లో ఇండియన్ బ్యాంక్ పుట్టింది.

అదే 1906లో విక్టోరియా మెమోరియల్ హాలుకు శంకుస్థాపన జరిగింది, సత్యవేడు రాయి మోయడం మొదలైంది. మూడేళ్లకు ఆ పని పూర్తయింది. కాలక్రమంలో 1921లో బ్యాంక్ ఆఫ్ మద్రాస్ మరో రెండింటితో కలిసి ఇంపీరియల్ బ్యాంక్ అయింది. అదే నేటి స్టేట్ బ్యాంకు. ఆ ఇంపీరియల్ బ్యాంకు డైరెక్టర్లలో తొలి భారతీయుడిగా నంబెరుమాళ్ శెట్టి పేరు చెబుతారు. బ్యాంకుకు గోడలు కట్టినవాడు చివరికి బ్యాంకు బల్ల దగ్గర కూర్చున్నాడు.

అప్పు, వడ్డీ లెక్క మన గాళాలకూ వేసి చూద్దాం. ఇది ఉదాహరణ మాత్రమే, మీ అంకెలు మీరు వేసుకోండి. ఖాళీ షెడ్డును నాలుగు గాళాలుగా మార్చడానికి 40 లక్షలు ఖర్చు. ఒక్కో గాళాకు నెలకు 8,000 కిరాయి. నాలుగింటికి 32,000, ఏడాదికి 3 లక్షల 84 వేలు. ఏడాదిలో ఒక నెల ఖాళీగా పోతుందనుకుంటే 32,000 తీసేయాలి. మున్సిపల్ పన్ను, మరమ్మతు, బీమా కలిపి 50,000 అనుకుందాం. చేతికి మిగిలేది సుమారు 3 లక్షలు. అంటే పెట్టిన డబ్బు మీద ఏడున్నర శాతం. ఆ 40 లక్షలూ 11 శాతం వడ్డీకి తెస్తే మొదటి ఏడాది వడ్డీయే 4 లక్షల 40 వేలు. కిరాయి అంతా బ్యాంకుకు పోయి, పైన లక్షా 40 వేలు జేబులోంచి కట్టాలి. అసలు కట్టడం ఇంకా మొదలే కాలేదు.

సగం సొంత డబ్బు, సగం అప్పు అయితే వడ్డీ 2 లక్షల 20 వేలు. 80 వేలు మిగులుతాయి కానీ అసలు కంతులకు అది చాలదు. కాబట్టి నాలుగు ఒకేసారి కాకుండా ఒకటో రెండో సొంత డబ్బుతో చేసి, వాటి కిరాయితో మిగతావి చేయడం నెమ్మదైన దారి అయినా నిద్ర పట్టే దారి. భిశీ ఎత్తి, పతపేఢీలో తెచ్చి, ఇంట్లో బంగారం కుదువపెట్టి ఒకేసారి స్లాబు వేసిన ఇళ్లు ఏ గల్లీలో ఉన్నాయో మీకే తెలుసు.

కిరాయి కట్టని అతిథి

1920 మొదట్లో శ్రీనివాస రామానుజన్ మద్రాసుకు వైద్యం కోసం వచ్చాడు. ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చి ఏడాది కూడా కాలేదు, మనిషి ఎముకల గూడు అయిపోయాడు. ఆయనకు తన ఇంట్లో చోటిచ్చింది నంబెరుమాళ్ శెట్టి. మొదట క్రైనంట్‌లో ఉంచారు. ఇంగ్లీషులో ఏడుపు అనే మాట ఆ పేరులో ఉందని రామానుజన్‌కు అది శుభంగా తోచలేదని చెబుతారు. తర్వాత దగ్గరే ఉన్న గోమెట్రాకు మార్చారు. 1920 ఏప్రిల్ 26న ఆ ఇంట్లోనే ఆయన కన్నుమూశాడు. వయసు 32.

ఆ చివరి నెలల్లో పడక మీద ఉండి కూడా ఆయన లెక్కలు రాస్తూనే ఉన్నాడు. ఆ కాగితాలు 1976లో కేంబ్రిడ్జిలో బయటపడ్డాక ప్రపంచంలోని గణితవేత్తలు ఇప్పటికీ వాటి మీద పని చేస్తున్నారు. చేట్‌పేట్‌లో ఎందరో పెద్ద కిరాయిదార్లు నెల నెలా డబ్బు కట్టి ఉంటారు. వాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు. కిరాయి కట్టని ఒక రోగి వల్లే ఆ ఇంటి పేరు లోకంలో మిగిలింది.

దీని నుంచి వ్యాపారం నేర్చుకోమని మేము చెప్పం. ఒక్క సంగతి మాత్రం చెబుతాం. ఇల్లు, దుకాణం, గోదాము ఏదైనా అందులో మనుషులుంటారు. 2025 మే నెలలో అక్కలకోట్ రోడ్ ఎం.ఐ.డి.సి.లో ఒక టవల్ కార్ఖానాలో మంటలు లేచి 8 మంది ప్రాణాలు పోయాయి. ఆ తెల్లవారు మన పూర్వ భాగ్‌లో ఎవరూ మరిచిపోలేరు. కింద సాంచాలు, నూలు గుట్టలు, పైన కాపురాలు ఉండే కట్టడాలు మన దగ్గర ఇంకా ఎన్నో ఉన్నాయి. గాళాలు కట్టే ప్రతి ఇంటివారూ రెండో దారి, వెడల్పు మెట్లు, సరైన వైరింగ్, నిప్పు ఆర్పే సిలిండర్ల ఖర్చును లెక్కలో మొదటి వరుసలో రాయాలి, చివర మిగిలితే చూద్దామని కాదు. ఆ ఖర్చు తగ్గించి మిగుల్చుకునే కిరాయి మనకు వద్దు.

నూరో ఇల్లు

శెట్టిగారి గురించి మద్రాసులో ఎక్కువగా చెప్పుకునే మాట ఆయన ఇళ్ల లెక్క. 99 ఇళ్లు ఉండేవట. నూరో ఇల్లు అచ్చిరాదని నమ్మి, అక్కడితో ఆగిపోయారట. ఆ రోజుల్లో మద్రాసులో మోటారు కారు కొన్న తొలి భారతీయుడు కూడా ఆయనేనని చెబుతారు. అంటే దాచుకోవడమే తెలిసిన పిసినారి కాదు, అనుభవించడమూ తెలిసిన మనిషి. అయినా ఇళ్ల దగ్గర ఒక గీత గీసుకున్నారు.

నమ్మకం సంగతి పక్కన పెట్టినా, ఆ గీత వెనుక బుద్ధి ఉంది. కిరాయి ఆస్తి పెరిగేకొద్దీ చూసుకునే కళ్లు తగ్గుతాయి. మనవాళ్లలో ఒక షెడ్డు బాగా నడిచిందని రెండోది, దాని మీద అప్పుతో మూడోది వేసి, నూలు ధర ఒక్కసారి ఎగబాకిన ఏడాది మూడూ ఆపేసిన కథలు ఉన్నాయి. జూనీ మిల్లు, నరసింగ్‌గిర్జీ, లక్ష్మీ-విష్ణు వంటి పెద్ద మిల్లులే ఈ ఊళ్లో మూతపడ్డాయి. సాంచాలకు వచ్చిన ఆపద గాళాలకు రాదని ఎవరు హామీ ఇస్తారు? ఆన్‌లైన్‌లో చద్దర్లు, టవళ్లు అమ్ముడుపోయే కాలంలో రోడ్డు మీద షోరూముల గిరాకీ తగ్గవచ్చు. అదే కాలంలో ప్యాకింగుకు, గోదాముకు గిరాకీ పెరగవచ్చు. అందుకే షట్టర్లతో బిగించిన చిన్న గదులకంటే, రేపు గోడ తీసి కలుపుకోగలిగే హాలు కట్టడం మంచిది.

కిరాయికి ఇచ్చేటప్పుడు ఎంత దగ్గరివాడైనా, మేనమామ కొడుకైనా, లీవ్ అండ్ లైసెన్స్ రాసి రిజిస్టర్ చేయించండి. మహారాష్ట్ర కిరాయి చట్టం ప్రకారం ఒప్పందం రాతలో ఉండాలి, రిజిస్టర్ కావాలి, ఆ బాధ్యత యజమానిదే. 11 నెలలకు రాస్తే అక్కర్లేదన్న మాట తప్పు. ఏటా కిరాయి ఎంత పెరుగుతుంది, డిపాజిట్ ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల నోటీసు, ఇవి నాలుగూ అందులో ఉండాలి. దుకాణాల కిరాయి ఏడాదికి 20 లక్షలు దాటితే జి.ఎస్.టి. సంగతి కూడా సి.ఎ.ను అడగండి. పాతకాలపు పగిడి పద్ధతిలో నోటిమాట మీద ఇచ్చిన దుకాణాలు మూడు తరాలుగా చేతికి రాక, నెలకు పాత కిరాయే అందుకుంటున్న ఇళ్లు మన పేఠ్‌లలో ఎన్నో.

నంబెరుమాళ్ శెట్టి జీవితం నుంచి మాకు తోచింది ఇది: నేర్చిన పనిని ఆస్తిగా మార్చుకో, కాగితం గోడకంటే ముందు కట్టు, తెలిసిన పేట వదలకు, నీ పనినే నీ బోర్డు చేసుకో, చాలు అనే అంకె ముందే రాసుకో. ఇవేమీ పెద్ద చదువు కావాల్సిన మాటలు కావు. బీడీలు చుట్టి పిల్లలను చదివించిన మన అమ్మలకు ఈ లెక్కలు మనకంటే బాగా వచ్చు. వాళ్లను అడగకుండా జాగా సంగతి తేల్చే మగవాళ్లను చూస్తేనే మాకు భయం.

శ్రావణ పున్నమికి మార్కండేయ రథోత్సవం వస్తుంది. పుణేలో, సూరత్‌లో, భివండీలో ఉన్నవాళ్లు కూడా ఆ రోజు ఇంటికి వస్తారు, అక్కచెల్లెళ్లు రాఖీ కట్టడానికి వస్తారు. ఏడాదిలో అందరూ ఒకే కప్పు కింద కూర్చునే రోజు అదే. ఈసారి భోజనాలయ్యాక జాగా కాగితాల కట్ట బయటికి తీయండి. ప్రాపర్టీ కార్డు మీద ఎవరి పేరుందో అందరి ముందూ చదవండి. అమ్మాలా, కట్టాలా అన్నది ఆ తర్వాత నెమ్మదిగా తేల్చుకోవచ్చు.